తేలిక పని

పొద్దున పూట మిక్సీ వేసేముందు ఒక మాట చెప్పాలి. ఆ ఇంట్లో ఈ మధ్యే పుట్టిన ఆచారం అది. "మిక్సీ వేస్తున్న బిడ్డా" అని చిట్టెమ్మ వంటింట్లోంచి కేకేస్తే, రజిని గది తలుపైనా వేసుకుంటుంది, చెవులకు నల్లటి హెడ్‌ఫోన్లైనా తగిలించుకుంటుంది. ఆ రోజు చిట్టెమ్మ మరిచిపోయింది. పల్లీల చట్నీ గర్రుమని తిరిగేసరికి, హాల్లో చెప్పులు తొడుక్కుంటున్న రజిని రెండు చేతులతో చెవులు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడిపోయింది.

యోహాను పేపరు పక్కన పడేసి వెళ్లి స్విచ్ ఆపాడు.

"అయ్యో, యాదికి లేదు బిడ్డా! ఏమనుకోకు!" అని చిట్టెమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"పర్వాలేదమ్మా. జర ఆగు, తగ్గుతది" అంది రజిని గోడతోనే.

యోహాను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఇనుము చప్పుళ్లలో బతికినందుకేమో, ఇంట్లో ఆయనకు మాటలు పొదుపు. ఆ మిగులంతా భార్య చిట్టెమ్మ ఖర్చు పెడుతుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని తార్నాకలో వాళ్ల గల్లీ అంతటికీ తెలుసు. మనసు మాత్రం వెన్న. ఎవరింట్లో జ్వరమొచ్చినా మొదట జావ గిన్నెతో వెళ్లేది ఆమే, ఆ జ్వరం సంగతి నాలుగిళ్లకు చేర్చేదీ ఆమే.

వాళ్ల కూతురు రజినికి ముప్పై మూడేళ్లు. యూనివర్సిటీ క్యాంపస్‌లో స్టాటిస్టిక్స్ పాఠం చెబుతుంది. పాఠం మొదలుపెడితే ఆమె గొంతే మారిపోతుందని, అర్థం కానివాడికి కూడా లెక్కమీద ప్రేమ పుడుతుందని పిల్లలు చెప్పుకుంటారు. కిందటి సెమిస్టర్‌లో ఆ పాఠాలకు తోడు అడ్మిషన్ల హెల్ప్ డెస్క్ కూడా ఆమె నెత్తిన పెట్టారు. ఆమె ఎవరికీ కాదని చెప్పదు కదా! రోజంతా మోగే ఫోన్లు, కిటికీ దగ్గర తోసుకునే జనం, నడుస్తూ నడుస్తూ ఒకరు చెప్పిపోయే పని, దాన్ని మార్చి ఇంకొకరు చెప్పే పని. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గడప దగ్గర కూలబడేది. "చాయ్ తాగుతవా?" అన్నా జవాబుండేది కాదు. చదువుకున్నదాని పొగరనుకుంది చిట్టెమ్మ. ఒకనాడు డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడిపోయి, ఎక్కనూలేక దిగనూలేక ఉంటే, ఒక స్టూడెంట్ ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. అప్పుడు గానీ సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

ఆటిజం అంది డాక్టరమ్మ. "ఇది రోగం కాదమ్మా, ఆమె పుట్టుకే అట్లాంటిది. పదిమందిలో పదిమందిలా కనబడడానికే రోజంతా బలం ధారపోస్తున్నది. పాఠం చెప్పడం ఆమెకు బరువు కాదు, దాంతోనే నిలబడి ఉన్నది. దాన్ని ఉంచి, ఆమెను కాల్చేస్తున్న పని తీసేయించండి" అని విడమరిచి చెప్పింది. యోహాను తలూపాడు. చిట్టెమ్మకు మాత్రం ఆటిజం అన్న ఆ ఒక్క మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. పీహెచ్‌డీ చేసిన పిల్లకు ఇదేం పేరు? చర్చి సంఘంలో తెలిస్తే ఏమనుకుంటారు?

"డిపార్ట్‌మెంట్‌ల నేనే చెప్త. ఎట్ల చెప్పాల్నో మాటలు కూర్చుకుంటున్న. అప్పటిదాకా ఎవ్వరికీ చెప్పొద్దమ్మా" అని రజిని బతిమాలింది.

"నేనెందుకు చెప్త బిడ్డా?" అంది చిట్టెమ్మ.

మాటైతే ఇచ్చింది గానీ, మొన్న బుధవారం చర్చి స్త్రీల ప్రార్థన కూటం సంఘంలోని రాజశ్రీ ఇంట్లో జరిగింది. పాటలైపోయాక, ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పమన్నారు. ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పుకుంది. ఇంకొకామె మొగుడి తాగుడు చెప్పుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి చిట్టెమ్మ గుండె కూడా కట్టతెగింది. "నా రజిని కోసం ప్రార్థన చేయుండ్రమ్మా. మెదడుకు సంబంధించిన సమస్య వచ్చింది. పని చేసుకోలేకపోతున్నది" అనేసింది. అందరూ ఆమె భుజాల మీద చేతులు వేశారు. ఇంటికొస్తుంటే ప్రాణం ఎంత తేలికైందో! రాజశ్రీ భర్త ఇమ్మానుయేల్ రజిని డిపార్ట్‌మెంట్‌లోనే ఆఫీస్ సూపరింటెండెంట్ అన్న సంగతి, అన్నం ముందు కూర్చున్నాక గాని గుర్తుకు రాలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

అప్పటినుంచీ ఆ ముల్లు గుచ్చుతూనే ఉంది. సెలవు అయిపోయి రజిని మళ్లీ పనిలోకి వెళ్లేది ఇవాళే. మిక్సీ మాట మరవడానికి అసలు కారణం అదే.

మధ్యాహ్నం కాకుండానే రజిని తిరిగొచ్చింది. చెప్పులు విప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, పొయ్యి మీది గిన్నెకేసి చూస్తూ అడిగింది.

"బుధవారం కూటంల ఏం చెప్పినవమ్మా?"

చిట్టెమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నేనా? ఏం చెప్పిన? అందరికోసం చేసినట్టే..."

గట్టు మీద ఆమె ఫోను టింగుమంది. ఆ వెంటనే మరొకటి. అద్దం మీద రాజశ్రీ పేరు వెలిగింది. 'రజిని స్వస్థత కోసం ప్రార్థిస్తున్నాం అక్కా' అని ఉంది. చిట్టెమ్మ గబుక్కున ఫోను బోర్లించింది. దొంగ దొరికిపోయినప్పుడు చేసే పని అదే కదా.

"బోర్లిస్తే ఏమైతదమ్మా. వాళ్ల వాట్సాప్ గ్రూపుల నుంచి అది నా ఆఫీసుకు కూడ పోయింది" అంది రజిని. గొంతులో కోపం లేదు, అలుపుంది. "ఇమ్మానుయేల్ అంకుల్ మంచికే అనుకున్నడు. పోయి హెడ్ సార్‌కు చెప్పిండు. హెడ్ సార్ కూడ మంచోడే. పాపం ఒత్తిడి తట్టుకోలేకపోతున్నదని నా క్లాసులన్నీ తీసేసిండు. పాఠం చెప్పుడు కష్టం గద, తేలిక పని చేసుకోమన్నడు."

"తేలిక పనంటే మంచిదే గద బిడ్డా" అంది చిట్టెమ్మ ఆశగా.

"హెల్ప్ డెస్క్, అమ్మా. రోజంతా కూర్చొని ఫోన్లు ఎత్తాలె."

చిట్టెమ్మ గరిటె గట్టు మీద పెట్టేసింది.

"నన్ను ముంచిందేదో అది ఉంచిన్రు. నేను బతికేదేదో అది తీసేసిన్రు. స్టాఫ్ రూంల ఒక మేడం నా భుజం తట్టి, చిన్నపిల్లతోని మాట్లాడినట్టు మెల్లమెల్లగ మాట్లాడింది. రేపు ఇంట్ల పెద్దవాళ్లను తీస్కొని రమ్మన్నరు. ముప్పై మూడేళ్లు నాకు. బడిపిల్లను పంపినట్టు పంపిన్రు."

"నేను ప్రార్థన కోసమే చెప్పిన, దేవుని తోడు! చెడు కోరుతనా నీకు?"

హాల్లోంచి యోహాను గొంతు వినిపించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమెను తప్పుపట్టిన సందర్భాలు బహు తక్కువ. "తలుపేసుకొని అడిగితే దేవునికి వినబడదా చిట్టీ?"

ఆ ఒక్క మాటతో చిట్టెమ్మ మొహంలో రక్తం ఇంకిపోయింది.

"ప్రార్థనతోని నాకు పంచాయితీ లేదు నాయినా" అంది రజిని. మాటమాటకూ మధ్య ఆగుతోంది, ఒక్కో మాటా తవ్వి తీసినట్టు. "సమస్య అని చెప్పింది. నేను సమస్యను కాదు. ఎట్ల చెప్తే నన్ను నన్నుగ చూస్తరో అని ఎన్ని రోజులు ఆలోచించుకున్ననో. అమ్మ ఏడ్చుకుంట చెప్పేసింది. ఇప్పుడు నేనేం చెప్పినా, ఆ ఏడుపు వెనకనే వినబడతది. నాకు నా గురించి సిగ్గు లేదమ్మా. నీకున్నది."

గది తలుపు నెమ్మదిగా పడింది. విసురుగా వేసినా ఇంత బాధ ఉండేది కాదు. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా చిట్టెమ్మ అక్కడే నిలబడి ఉంది. కూతురి మాటలో ఒక్క అక్షరమైనా అబద్ధం ఉంటే బాగుండునని వెతికింది. దొరకలేదు. కూటంలో ఆటిజం అన్న మాట కూడా నోట రాలేదు తనకు, ఎవరూ అసహ్యించుకోకుండా జాలిపడే మాట ఏరుకుంది. కూతురి మీద జాలి పుట్టించి, ఆ జాలిని తన ఒళ్లో వేయించుకుని వచ్చింది.

మర్నాడు పొద్దున ఉతికిన తెల్లచీర కట్టుకుని, కూతురి గది ముందు నిలబడింది.

"నేను సార్‌కు చెప్త బిడ్డా. కాళ్లు పట్టుకొనైనా..."

"మళ్ల నువ్వే మాట్లాడతవా?"

చిట్టెమ్మ తల దించుకుంది.

"పెద్దవాళ్లను రమ్మన్నరు కాబట్టి రా. పక్కన కూర్చో. ఒక్క మాట మాట్లాడొద్దు. నేను ఆగిపోయినా, మాట దొరక్కపోయినా, నువ్వు అందుకోవద్దు. ఆగుతవా?"

"ఆగుత" అంది చిట్టెమ్మ. కిందటిసారి కూడా ఇలాగే మాటిచ్చానని గుర్తొచ్చి, చెవులు వేడెక్కాయి.

డిపార్ట్‌మెంట్ హెడ్ నరహరి వాళ్లను చూడగానే లేచి నిలబడి మర్యాద చేశాడు. ప్యూన్‌తో చాయ్ తెప్పించాడు. మంచి మనిషే. కూర్చోగానే చూపు మాత్రం నేరుగా చిట్టెమ్మ వైపు తిప్పాడు.

"అమ్మా, రజిని మేడంకు ఇప్పుడు ఎట్లున్నది? రాత్రి నిద్ర పడుతున్నదా? మందులు వేసుకుంటున్నరా?"

రజిని అక్కడే, మూరెడు దూరంలో ఉంది. చిట్టెమ్మకు ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. తను కూటంలో చేసింది ఇదే కదా, మనిషి ఉండగా లేనట్టు మాట్లాడడం. ఎదురుగా కూర్చుని చూస్తే ఇంత రోతగా ఉంటుందా! జవాబు చెప్పకుండా కూతురి వైపు తిరిగింది. హెడ్ సార్ చూపు కూడా తప్పనిసరిగా అటే తిరిగింది.

రజిని బల్ల మీది అద్దాన్ని చూస్తోంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే. చిట్టెమ్మ గొంతులోకి మాటలు వరదలా వచ్చాయి. జర టైం పడ్తది సార్, ఏమనుకోకండి సార్, చిన్నప్పటి నుంచి గింతే సార్. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పళ్లతో గట్టిగా పట్టుకుంది.

"నాకు జబ్బు లేదు సార్" అంది రజిని చివరికి. "నాది ఆటిజం. పాఠం చెప్తే అలసిపోను. ఫోన్లు, గుంపు, అప్పటికప్పుడు మారే పనులు నన్ను మింగుతున్నయ్. నా క్లాసులు నాకియ్యండి. హెల్ప్ డెస్క్ తీసేయండి. దానికి బదులు పరీక్షల లెక్కలన్నీ నేను చూస్త, అది నాకు హాయి. చెప్పే పనేదైనా రాసి పంపండి. క్లాసుకు క్లాసుకు మధ్యల ఖాళీగున్న ఆ మూల గదిల లైటు ఆపుకొని కూర్చుంట. అంతే సార్."

నరహరి చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "నేను మీ మేలుకనే అనుకున్నా మేడం. ఒక్కమాట మిమ్మల్ని అడగాల్సింది. మీరైనా ముందే చెప్పాల్సింది కదా?"

"చెప్దామనే మాటలు కూర్చుకుంటున్న సార్. ఈలోపల వేరేవాళ్లు తొందరపడి చెప్పిన్రు."

వేరేవాళ్లు. అమ్మ అనలేదు. పక్కనే కూర్చుని ఉంటే కూడా అనలేదు. తను కూతురిని పదిమందిలో పెడితే, కూతురు తనను ఒక్క మనిషి ముందు కూడా పెట్టలేదు. నేనే సార్ ఆ పాపిష్టిదాన్ని అని లేచి ఒప్పుకుంటే ఎంత తేలికో! మళ్లీ తన ప్రాణమే తేలికవుతుంది, గదిలో అందరూ తననే ఓదారుస్తారు. చిట్టెమ్మ కొంగు ఇంకా గట్టిగా కరిచి పట్టుకుని కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి.

సోమవారం నుంచి క్లాసులు తిరిగి రజినివేనని హెడ్ చెప్పాడు. మూల గది సంగతి పైవాళ్లతో మాట్లాడాలని, హెల్ప్ డెస్క్‌కు మనిషిని వెతకడానికి కొంత టైం పడుతుందని అన్నాడు. అన్నీ ఒక్కరోజులో సర్దుకోవు. స్టాఫ్ రూంలో జాలి చూపులైతే ఎప్పటికి పోతాయో ఎవరు చెప్పగలరు?

బయటికొచ్చారు. రజిని మొహం పాలిపోయి ఉంది. ఉన్న మాటలన్నీ లోపలే ఖర్చయిపోయాయని చూస్తేనే తెలుస్తోంది. వరండా మలుపులో ఇమ్మానుయేల్ ఫైళ్లతో ఎదురొచ్చాడు. రజినిని దాటి, చిట్టెమ్మ దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"ఏమన్నరక్కా సార్? బిడ్డకు ఎట్లున్నది? ఇంట్ల రాజశ్రీ ఉపవాసముండి ప్రార్థిస్తున్నది."

రజిని నేల చూస్తూ ఆగింది. ఆమె భుజాలు బిగుసుకోవడం చిట్టెమ్మకు కనిపించింది. తల్లి ఇప్పుడేం చెబుతుందోనన్న భయం అది. కన్నకూతురు తన నోటికి ఇంత భయపడుతుందని చిట్టెమ్మ ఏనాడూ చూడలేదు. ఏ తిట్టూ ఆమెను ఇలా కోయలేదు.

"బుధవారం నేను తప్పు చేసిన తమ్ముడూ" అంది. "అది నా బిడ్డ మాట. చెప్తే ఆమె చెప్పుకోవాలె, నాకు హక్కు లేదు. రాజశ్రీకి కూడ చెప్పు. ఇగ నా బిడ్డ సంగతి నన్నడగకుండ్రి."

ఇమ్మానుయేల్ తెల్లబోయి, మొహం ఎర్రబడి, రజిని వైపు తిరిగి "సారీ అమ్మా" అని పక్కకు తప్పుకున్నాడు.

గేటుదాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. చిట్టెమ్మకు కూతురి చెయ్యి పట్టుకోవాలనిపించింది. చెప్పకుండా ముట్టుకుంటే రజిని ఉలిక్కిపడుతుంది. అందుకని చెయ్యి సగం చాపి, అక్కడే ఆపింది.

రజిని ఆ చేతిని కాసేపు చూసింది. తర్వాత తనే దగ్గరికి జరిగి, తల్లి వేళ్లను తన వేళ్లలో గట్టిగా బిగించి పట్టుకుంది. రోడ్డు దాటేదాకా వదల్లేదు.