మూలభాషలో లేని అల్లుడు

"అల్లుని చెల్లెల్ని మీ ఇంట్లో ఏమని పిలుస్తారవ్వా?"

షంషున్నీసా ఇంటి అరుగు మీద కూర్చుని ఎవడో పరాయి మగవాడు ఈ ప్రశ్న అడుగుతున్నాడు. ధర్మవరం బడి నుంచి రైల్లో వచ్చి, తుంపరలో గొడుగు వేసుకుని పెనుకొండ సందు మలుపు తిరిగిన ఆమెకు అది స్పష్టంగా వినిపించింది. ఆమె అవ్వ ఖాదర్‌బీ ఏ తొందరా లేకుండా వాడి పళ్లెంలో ఇంకో బొబ్బట్టు, అక్కడి మాటలో ఓళిగ, వేస్తోంది.

షంషున్నీసా గొడుగు ముడిచింది.

"ఏమప్పా, జనాభా లెక్కలా? అయ్యి డెబ్బై ఒకటిలోనే రాసుకుని పోయినారే. మళ్లీ రావల్లంటే ఇంకా మూడేండ్లుండాది."

అతను పళ్లెంతో సహా లేచి నిలబడ్డాడు. నోట్లో ఓళిగ ఉంది. మింగడానికి కొంత సమయం పట్టింది.

"లెక్కలు కాదండీ, పరిశోధన."

"దేని మీద? మా ఓళిగల మీదనా?"

"మాటల మీద. నా పేరు జమాలుద్దీన్. మాది హిందూపురం. మా నాయనకు పట్టుగూళ్ల వ్యాపారం. నేను బెంగళూరులో భాషాశాస్త్రం చదువుతాండా. పాత ముస్లిం కుటుంబాల్లో చుట్టరికాలకు ఫారసీ మాటలు మిగిలి ఉంటాయేమోనని వెతుకుతాండా."

"దొరికితే ఏం చేస్తారు?"

అలాంటి ప్రశ్న కోసం జమాలుద్దీన్ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు.

"మీరు ఇంగ్లీషు టీచరంట గదా. డాటర్ అంటారు. సంస్కృతంలో దుహిత. ఫారసీలో దుఖ్తర్. జర్మన్‌లో టోఖ్టర్. ఇవి ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్న మాటలు కావు. ఒక్క తల్లి పిల్లలు. వేల ఏండ్ల కిందట ఒక మూలభాష ఉండె. దానికి రాత లేదు. విన్నోళ్లు ఎవరూ మిగల్లేదు. ఈ పిల్లల ముఖాలు చూసి ఆ తల్లి ముఖం గీస్తాం."

"తప్పు గీస్తే?"

"అందుకే ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతాం. ఇది మేం కట్టుకున్నది, ఎవరూ విన్నది కాదని."

"బాగుండాది మీ చదువు. మా పిల్లోళ్లు నక్షత్రం పెట్టి ఊహించి రాస్తే నేను సున్నా వేస్తా."

"దుహిత అంటే పాలు పితికేదని పాతకాలం పండితులు కొందరు అన్నారు. రుజువు లేదనుకోండి."

"అట్లయితే నేను కూతురే కాదు. మా ఎనుము నన్ను పక్కకు రానియ్యదు."

అవ్వ నవ్వింది. షంషున్నీసా మాత్రం నవ్వు ఆపుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో మాట్లాడేది అచ్చంగా తెలుగు. అమ్మ, నాయన, అవ్వ, అత్త. తెలుగు భాషల కుటుంబమే వేరు. ఆ మూలభాషతో దానికి చుట్టరికం లేదు. తనకు కావలసిన సరుకు అక్కడ లేదని జమాలుద్దీన్‌కు ఓళిగ పూర్తయ్యేలోగానే తెలిసిపోయింది. అవ్వకు సలాం చెప్పి బస్సెక్కి ఉండాల్సింది.

"మళ్లీ ఆదివారం వస్తానవ్వా. ఇంకా కొన్ని అడగల్ల," అన్నాడు.

వచ్చాడు. ఆ తర్వాతి ఆదివారమూ వచ్చాడు. వాన ఉంటే అరుగు మీద, లేకపోతే పెరట్లో కూర్చుని అత్తలనూ మామలనూ అడిగాడు. షంషున్నీసా గడప లోపల పిల్లల పేపర్లు దిద్దుతూ మధ్యలో ఒక మాట విసిరేది. ఆమె నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుందని అతను గమనించాడు. అది పరిశోధనకు పనికి వచ్చే విషయం కాదు. అయినా మరిచిపోలేదు.

ఒకరోజు సాయంత్రం ధర్మవరంలో పని చూసుకుని జమాలుద్దీన్ హిందూపురం ప్యాసింజరు ఎక్కేసరికి కిటికీ పక్కన ఆమె కనిపించింది. ఎదుటి సీటు ఖాళీగా ఉంది.

"కూర్చోండి. మీతో పనుండాది," అంది షంషున్నీసా. గొంతులో ఎప్పటి ఎకసెక్కం లేదు. "వచ్చే ఆదివారం మా అవ్వకు మీరొక నిజం చెప్పల్ల."

"ఏం నిజం?"

"మీరు ఇల్లటం కోసం వస్తాండేది కాదని."

జమాలుద్దీన్ నోరు తెరిచాడు.

మగపిల్లలు లేని ఇంటికి అల్లుడు వచ్చి ఉండిపోవడం ఆ వైపు పాత ఆచారం. అయితే నేరుగా వచ్చి అడగడం మగవాడికి నామోషీ. అందుకని ఏదో ఒక సాకుతో వస్తాడు. అరుగు మీద కూర్చుని ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరికి ఎవరేమవుతారో వాకబు చేస్తాడు. ఇంటివాళ్లు కూడా ఏమీ తెలియనట్టే తిండి పెట్టి పంపుతారు.

"పోయినేడు ఒకడు ఎనుమును కొంటానని వచ్చినాడు. ఎనుము పక్క ఒకసారి గూడా చూడలేదు," అంది షంషున్నీసా. "మీరు మాటలు కావల్లని వచ్చినారు. అత్త ఎవరు, మామ ఎవరు, అల్లుని చెల్లెలెవరు! ఇల్లటం వచ్చేటోళ్లు ఇంతకంటే ఏం అడుగుతారు?"

జమాలుద్దీన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతనూ ఆపేశాడు.

"రొద్దం నుంచి సంబంధం వచ్చింటే అవ్వ వద్దని పంపించేసె. మాకు హిందూపురం పిల్లోడుండాడు అనె."

"రొద్దం ఆయన మీకు నచ్చినాడా?"

"ఆయన మంచోడే. నేను రొద్దం పోతే అవ్వను ఎవరు చూస్తారు? నాకు అమ్మా నాయనా లేరు. సాకింది ఆమె. ఆ సంబంధం పోయినందుకు నాకేం బాధ లేదు. వీధంతా చెప్పుకొని వాకిట్లో కూర్చోని మీ కోసం ఎదురుచూస్తాండాది, అదీ నా బాధ. మీ పనైపోతే మీరు బెంగళూరు పోతారు. ఆమె ఆడనే కూర్చోనుంటాది."

కిటికీలోంచి జల్లు కొడుతోంది. ఆ సమయంలో మరొకడైతే మంచి మాట ఏదైనా చెప్పేవాడు. జమాలుద్దీన్ తనకు తెలిసింది చెప్పాడు.

"ఆ మూలభాషలో ఒక వింత ఉందండీ. మొగుని తమ్ముడికి మాటుంది. సంస్కృతంలో దేవర, లాటిన్‌లో లేవిర్. కోడలికి ఉంది. స్నుష, నురుస్. పెండ్లాం తరఫు వాళ్లకు మాత్రం అన్ని భాషల్లో కలిసే మాట గట్టిగా దొరకదు."

"ఏం?"

"ఆడపిల్లే మొగుని ఇంటికి పోయేది. ఆమె వాళ్లతో వానికి పనుండేది కాదని పండితుల అంచనా."

"అంటే పుట్టింట్లోనే ఉండే నా బోటిదానికి ఆ భాషలో చోటు లేదు."

"ఆ భాషలో లేదు," అని ఇంకేదో అనబోయాడు.

పెనుకొండ వచ్చేసింది.

"ఆదివారం. మరిచిపోవద్దండి," అని ఆమె దిగిపోయింది.

ఆదివారం అవ్వ వక్కాకు నములుతూ అరుగు మీదే ఉంది. షంషున్నీసా లోపల బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, నేను మాటల కోసమే వచ్చినా," అన్నాడు జమాలుద్దీన్.

"తెలుసు నాయనా. అందురూ ఏదో ఒకదాని కోసమే వస్తారు."

"అట్ల కాదవ్వా. నిజంగానే మాటల కోసం."

అవ్వ నమలడం ఆపింది. "దొరికినాయా?"

"లేదు."

"లేవని ఎప్పుడు తెలిసె?"

"మొదటి రోజే."

"మరి ఇన్ని ఆదివారాలు దేనికి వచ్చినావబ్బా?"

జమాలుద్దీన్ చదివిన శాస్త్రంలో రుజువు లేని మాటకు విలువ లేదు. అవ్వ వేసిన ప్రశ్నకు అతని దగ్గర ఒకే ఒక జవాబుంది. లోపల చేట చప్పుడు ఆగిపోయింది.

"షంషున్నీసా కోసం," అన్నాడు.

"అవ్వా," లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఈడనే ఉంటాడేమో అడుగు."

"ఉంటా. ధర్మవరంలో ఉద్యోగం చూసుకుంటా. నీతోపాటే రైల్లో పోయి వస్తా." 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో అతనే గమనించలేదు.

"మీ నాయన ఒప్పుకుంటాడా?" అంది అవ్వ.

జమాలుద్దీన్ ఆ సాయంత్రమే హిందూపురం బస్సెక్కాడు.

హిందూపురం మార్కెట్లో జమాలుద్దీన్ నాయన మస్తాన్ పట్టుగూటిని చెవి దగ్గర ఊపి చూస్తున్నాడు. కొడుకు చెప్పింది విని దాన్ని కింద పడేశాడు.

"ఇల్లటమా? నేను రామగిరి నుంచి మీ అమ్మోళ్లింటికి ఇల్లటం వచ్చినోణ్ణే గదా. ఈ పొద్దుకీ ఈడ నన్ను మస్తాన్ అనరు, వాళ్ల అల్లుడు అంటారు. మళ్లీ నువ్వు గూడానా? యాడుండాది ఆ ఇల్లు? నేనే వచ్చి చెప్తా పా!"

మర్నాడు సాయంత్రం కొడుకుతో పెనుకొండ వచ్చి, అవ్వ అరుగు ముందు నిలబడి అన్నాడు. "నేను కూర్చునేకి రాలేదమ్మా. నా కొడుకును ఇయ్యను. ఈ మాట చెప్పి పోదామని వచ్చినా."

అవ్వ ముఖం వాడిపోయింది. షంషున్నీసా బయటికి వచ్చింది.

"ఎందుకియ్యరు మామా?"

"నేను పడింది వాడు పడకూడదు."

"ఏం పడినారు?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ మస్తాన్‌ను అడగలేదు. కొడుకు కూడా అడగలేదు. ఆయన తలుపు వైపు చూస్తూ చెప్పాడు.

"మా అమ్మకు కండ్లు కనపడకుండా పోయినాయి. తెచ్చి పెట్టుకుంటానంటే అత్తోళ్లింట్లో చోటు లేదన్నారు. రామగిరిలో ఒంటరిగా పోయె నా తల్లి."

జమాలుద్దీన్ తండ్రి ముఖం మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"నేను రొద్దం పోయింటే మా అవ్వ గూడా అట్లనే పోయుండు మామా," అంది షంషున్నీసా. "మీరూ అత్తా ఎప్పుడు రావల్లన్నా ఈడికి రండి. ఉండిపోవల్లన్నా ఉండండి. చోటు లేదని ఈ ఇంట్లో ఎవరూ అనరు. అనల్లంటే నేనే అనల్ల. నేను అనను."

మస్తాన్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

"ఏమబ్బా, ఈ పాపకు నువ్వు చాలుతావా?"

"చూస్తా నాయనా."

"నాదొక మాట," అన్నాడు మస్తాన్ అవ్వతో. "నేను ఇల్లటం వచ్చినప్పుడు మూట చంకన పెట్టుకొని ఒక్కణ్ణే నడిచి వచ్చినా. వీడు అట్ల రాడు. మీరే హిందూపురం వచ్చి, మేళంతో తోలుకొని పోవల్ల. మార్కెట్ ముందర నుంచే."

"గుర్రం గూడా తెస్తాం మామా," అంది షంషున్నీసా.

"గుర్రమంటే నాకు భయం," అన్నాడు జమాలుద్దీన్.

అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. అవ్వా మస్తానూ అప్పటికే మేళం ఎవరిదో మాట్లాడుకుంటున్నారు.