ఊపిరి పట్టిన సీసాలు

ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డుకు కొట్టుకొచ్చే ప్లాస్టిక్ సీసాలతో నేను బొమ్మలు చేస్తాను. వేడి కత్తితో కోసి, అంచులు కరిగించి అతికిస్తాను. వేసవిలో వచ్చేవాళ్ళు గుర్రాలూ, మంచుచిరుతలూ కొంటారు. ఈసారి మాత్రం మనిషి బొమ్మ చేస్తున్నాను. నా భర్త ఎసెన్‌ది. చేపల వేటకు వెళ్ళి మునిగిపోయాడు, శవం దొరకలేదు. కొడుకు తిరిగొచ్చేదాకా ఇంట్లో వాడి బొమ్మైనా ఉండాలని అత్తయ్య బురుల్ పట్టుబట్టింది.

గురువారం సాయంత్రాలు మేం బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేయిస్తాం. పోయినవాళ్ళకు ఆ వాసనే భోజనం. ముందుగా వాళ్ళ పేరు చెప్పి పిలవాలి. అత్తయ్య వేయిస్తుంది గానీ పేరు చెప్పదు. కొడుకు పోయాడని ఒప్పుకోదు.

ఆ రోజు వాన పడుతుంటే అత్తయ్య పొయ్యిని నేను బొమ్మలు చేసే షెడ్డులోకి తెచ్చుకుంది.

"పేరు చెప్పండి అత్తయ్యా."

"నీ సీసాలు నువ్వు చూసుకో. బతికున్నోణ్ణి చచ్చినోళ్ళలో కలపమంటావా?"

"పేరు లేకపోతే ఎవరికి చేరుతుంది?"

"ఆకలేసినోళ్ళకి."

ఆ మొండితనానికి నాకు ఒళ్ళు మండింది. ఎసెన్‌కు ఇంటి తిండి అందడం లేదన్నదే నా ఏడుపు.

కరెంటు పోయింది. పొయ్యి వెలుగే మిగిలింది. కాగిన నూనె వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన... వాటి అడుగున నాచు, కుళ్ళిన చేప. వాన ఆగింది. అప్పుడు వినబడింది, సీసాను నొక్కి వదిలినట్టు.

టక్... టక్...

బొమ్మ ఛాతీలో కొయ్యకుండా పెట్టిన సీసాలకు లోపలినుంచి ఆవిరి పట్టింది. విడిపోయింది. మళ్ళీ పట్టింది. మూతలన్నీ బిగించే ఉన్నాయి.

"వచ్చాడే," అత్తయ్య గుసగుసలాడింది. "ఊపిరి తీసుకుంటున్నాడు."

ఆమె ముఖంలో సంతోషం చూసి నాకు భయం రెట్టింపయింది.

"పేరు చెప్పండి... మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె బొమ్మ ఛాతీమీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది. అరచెయ్యి తడిసి ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. సరస్సు వాసన.

"ఎసెన్... తిను నాన్నా. తిని వెళ్ళు."

ఆవిరి మెల్లగా విడిపోయింది. మళ్ళీ పట్టలేదు. అత్తయ్య కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నాళ్ళకు మా మనిషి కడుపు నిండింది.

టక్...

మా వెనక. గుర్రం బొమ్మ పొట్టలో ఆవిరి. చిరుత మెడలో. గోడవారన పోగేసిన, ఇంకా కొయ్యని సీసాలన్నిటిలో...

"వీళ్ళెవరే?"

నాకేం తెలుసు? ఏ పేరని పిలవను?

పొయ్యిమీద నూనె కాగుతూనే ఉంది. గుర్రం తల బోర్సోక్ పళ్ళెం వైపు తిరిగి ఉంది. నేను చేసినప్పుడు దాని తల తలుపు వైపు ఉంది.