ఇంకొక్క కారు

ఆ రోజుల్లో కర్నూలు జిల్లా మొత్తమ్మీద రామప్ప కారును మించిన కారు లేదు. కలెక్టరు దొర కారు, మిల్లు సేట్ల కార్లు, రాజధాని మన కర్నూల్లో ఉన్న మూడేళ్ళూ దుమ్ము లేపుకుంటూ తిరిగిన పెద్దల కార్లు, అన్నీ దాని తర్వాతే. కర్నూలు బయట రైలు గేటు దగ్గర అది మెయిలు బండిని దాటి ముందుకు పోవడం కళ్ళారా చూసినవాళ్ళు ఇప్పటికీ బతికే ఉన్నారు. నమ్మనివాళ్ళు పోయి అడుక్కోవచ్చు.

అంతటి కారు ఒకనాటి పొద్దున రామప్ప కొట్టంలో నాలుగు రాళ్ళ మీద కూర్చుని ఉంది. రామప్ప దాని కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఊరు వెల్దుర్తికి రెండు మైళ్ళు. యాభై ఏడో సంవత్సరం, మృగశిర కార్తె ప్రవేశించి మూడు రోజులైంది. ఆ కొట్టంలో అంతకుముందు ఎద్దులుండేవి. అవి మేత తిన్న గాడిలో ఇప్పుడు నట్లు, బోల్టులు, పానాలు ఉన్నాయి.

జొన్నరొట్టె, ఊరిబిండి ఉన్న గిన్నె పట్టుకుని హనుమమ్మ వచ్చి నిలబడింది.

“రెండు కాళ్ళు కనపడ్తాండాయి. తక్కిన మొగుడు యాడుండాడో,” అంది.

“ఈడనే ఉండా. సైలెన్సరు బిగిస్తాండా. ఇదొక్కటి అయితే ఇంగ దీని నోరు మూతపడ్తాది.”

“దాని నోరు మూయిస్తావు సరే. ఊరి నోరు ఎట్ల మూయిస్తావప్పా? అందరిండ్లలో గొర్రు బయటికి తీసి కట్లు బిగిస్తాండారు. పక్కచేని మారెన్న నిన్ననే అడిగె, మీ చేను ఈ ఏడు ఎవురు విత్తుతారు వదినా అని.”

“నువ్వేమంటివి?”

“మా ఇంటాయన కారుతో విత్తుతాడులే అంటి.”

రామప్ప కారు కిందనే నవ్వాడు. హనుమమ్మ నవ్వలేదు. గిన్నెను కారు రెక్క మీద పెట్టి, “అత్త పిలుస్తాండాది. పొద్దున్నించి మూడు తూర్లు పిలిచె,” అంది.

“వస్తానని చెప్పు. ఇదొక్క నట్టు.”

ఏడు నెలలుగా ఆ ఇంట్లో అందరికీ బాగా అలవాటైన మాట అది. ఇదొక్క నట్టు.

ఏడు నెలల కిందట, కార్తీకమాసంలో ఒక సాయంత్రం, రామప్ప తల్లి తిమ్మమ్మ ఇంటి ముందర కట్ట మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు పట్టేసి అప్పటికే నడవలేని మనిషి. కళ్ళకు పొర కమ్మింది. ఆమె చూపంతా రోడ్డవతల తమ చేను వైపే ఉంది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఎవరిదో కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము అణగకముందే ఆమె అంది, “ఇంగొక్క కారు సూస్తే సాలు నాయనా. ఆ మీద ఎప్పుడు పిలుపొచ్చినా పోతా.”

పక్కన కూర్చున్న రామప్ప గుండెలో ఆ మాట నాటుకుపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అమ్మ నోటి వెంట నాకిది కావాలన్న మాట అతను వినలేదు. పండక్కి కోక తెస్తానన్నా, ఉన్నది చినగలేదు కదా అనేది. అలాంటి అమ్మ కారు అడిగింది.

అదే నెలలో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. కర్నూల్లో ఒక వకీలు తన పాత జర్మనీ కారును వేపచెట్టు కింద వదిలేసి పోతున్నాడని తెలిసింది. యుద్ధానికి ముందుది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు పొయ్యి కట్టి నడిపారట, వెనక రేకుకు ఆ బొక్కలు అలాగే ఉన్నాయి. రామప్ప బూడిదోడు, కర్రోడు అనే తన ఎద్దుల జతను వకీలు చేను చూసే మనిషికి ఇచ్చి, బదులుగా కారు తీసుకున్నాడు.

కారు కదలదు కాబట్టి ఆ ఎద్దులనే కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. ఇరవై మైళ్ళు, రెండు పగళ్ళు. మెయిలును దాటిందన్నది కూడా ఆ ప్రయాణంలోనే. రైలు సిగ్నలు దగ్గర నిలబడి ఉంది, కారు ఎద్దుల వెనక పోతోంది. దాటడం మాత్రం దాటింది, అందులో అబద్ధం లేదు. మూడోనాడు పొద్దున ఎద్దులు కొత్త యజమాని వెంట పోయాయి. గుమ్మం దాటేటప్పుడు కర్రోడు నిలబడి వెనక్కి చూశాడు. రామప్ప అప్పుడు బానెట్టు ఎత్తి చూస్తున్నాడు.

కర్నూలు నుంచి పీరాసాయిబు అనే మేస్త్రీ వచ్చి ఇంజను విప్పాడు. మైళ్ళ మీటరులో నాలుగువేల చిల్లర ఉందని రామప్ప గర్వంగా చూపించాడు.

“నాల్గువేలు కాదు రామప్పా,” అన్నాడు పీరాసాయిబు. “లక్ష తిరిగి, మళ్ళా సున్నా కాన్నుంచి నాల్గువేలు. పిస్టన్లు సూడు, గిలకల మాదిరి ఆడ్తాండాయి.”

“అంటే మాయమ్మ ఈడుదన్నమాట.”

“మీయమ్మ నయమప్పా. ఇంత పొగ ఇడిసిపెట్టదు.”

అప్పటి నుంచి రామప్పకు వేరే లోకం లేదు. నెలకొకసారి సాయిబు వచ్చి చెప్పిపోయేవాడు, చేసేదంతా ఇతనే. కమ్మరితో స్ప్రింగు పట్టీలు సాగగొట్టించాడు. బొగ్గు పొయ్యి బొక్కలకు రేకులు అతికాడు. తల్లి మోకాళ్ళు వంగవు కాబట్టి ముందర ఎడమ సీటు పీకేసి, వెనక సీటులో కూర్చుంటే కాళ్ళు బారచాపుకునేలా తుమ్మపలక వేశాడు. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి ఇత్తడి కడియం బిగించాడు. కుళ్ళిన పీచు తీసేసి సీటులో తమ చేలో పండిన పత్తి కూరాడు. ఎంత చేసినా ఇంకొకటి మిగిలేది. ఇంజను పలికితే గేరు పడేది కాదు, గేరు పడితే రేడియేటరు కారేది. ఒకటి కుదిరిన రోజు రామప్ప ముఖం పెండ్లికొడుకు ముఖమే.

లోపలి నుంచి తిమ్మమ్మ పిలిచేది. “రామప్పా, ఒగ తూరి ఇట్ల వచ్చి పోరా.”

“వస్తానమ్మా, ఇదొక్క నట్టు.”

అప్పటికి పొద్దు వాలేది. అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె నిద్రపోయి ఉండేది.

హనుమమ్మ కొట్టంలోకి రొట్టె తెచ్చిన ఆ రోజు మాత్రం తిమ్మమ్మ ఊరుకోలేదు. కోడల్ని పిలిచి, “మృగశిర గదమ్మా, జడ్డిగం తీసకరా. పసుపు పెడ్తా,” అంది.

జడ్డిగమంటే గొర్రు మీద ఉండే కొయ్య గిన్నె. గింజలు అందులో పోస్తే గొట్టాల్లోంచి సాళ్ళలోకి జారతాయి. ఆ ఇంట్లో జడ్డిగం తిమ్మమ్మ మామ చెక్కించినది. ఏటా తొలి విత్తనానికి ముందు ఆమె దానికి పసుపు పూసి బొట్టు పెట్టేది. హనుమమ్మ అటక వెతికింది, గొర్రు కట్టిన దూలం కింద వెతికింది. చివరికి కొట్టంలో దొరికింది. పెట్రోలు డబ్బా మీద బోర్లించి ఉంది. అడుగు బొక్కకు రేకు గొట్టం దిగగొట్టి ఉంది. రామప్ప దాన్ని పెట్రోలు పోసే గరాటుగా వాడుకుంటున్నాడు.

హనుమమ్మ దాన్ని తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. తిమ్మమ్మ రెండు చేతులతో తడిమింది. గొట్టం దగ్గర వేళ్ళు ఆగాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఇదేం వాసనమ్మా? కిర్సనాయిలా?”

“పెట్రోలత్తా. నీ కొడుకు కారుకు తాపుతాండాడు దీంతో.”

“వాణ్ణి పిలు.”

రామప్ప నల్లబడ్డ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు. హనుమమ్మ అప్పటిదాకా బిగబట్టుకున్న కోపం వదిలేసింది.

“ఎద్దులు పాయ. చేను బీడు పడె. ఇప్పుడు జడ్డిగం గూడా పాయ. ఇంగేముండాదప్పా ఈ ఇంట్లో? నన్ను గూడా కరిగించి ఆ ఇంజన్లో పోసుకో. లోపల ముసలామె గొంతు ఎండిపోయేటట్ల పిలుస్తాంటే, ఆ ఇనుపదాని దగ్గులు వింటా కూచుంటివి.”

“ఎవురికోసం చేస్తాండానే నేను?” రామప్ప గొంతు లేచింది. “నాకోసమా? సీటు సూసినావా ఎట్ల చేసినానో? ఎవురి కాళ్ళ కొలతకు చేసినానో అడిగినావా? అమ్మ నోరు తెరిచి అడిగిందొక్కటే ఒక్కటి. అది తీర్చల్లనే గదా ఇదంతా.”

తిమ్మమ్మ తల ఎత్తింది. “నేనేం అడిగినానురా?”

“కారు.”

“నేనా?”

“కట్ట మీద కూచోని, కార్తీకంలో. ఇంగొక్క కారు సూస్తే సాలు నాయనా అంటివి గదమ్మా. అప్పుడే ఎవురిదో కారు పాయ. దాన్ని సూసే గదా అంటివి.”

తిమ్మమ్మ తల మళ్ళీ దించింది. జడ్డిగం అంచు మీద బొటనవేలు తిప్పుతూ ఉంది.

“నాకు కారు యాడ కనపడ్తాదిరా,” అంది చివరికి, నెమ్మదిగా. “నాకు కనపడేది మన చేను రంగొక్కటే. నల్లగుండాదా, పచ్చగుండాదా అంతే. నేనన్నింది కారురా పిచ్చోడా. ముంగారు. పైరు కారు. నువ్వు గొర్రు పట్టి విత్తితే, ఆ మొలక లేసింది ఒగ తూరి సూసి పోదామనుకొంటి.”

హనుమమ్మకు ముందు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

రామప్ప గడప మీదే కూలబడ్డాడు. తొలకరి పంట కారు ముంగారు, వెనక పంట కారు హింగారు అని పుట్టినప్పటి నుంచి వింటున్నవాడు. రెండు కార్లు పండే భూమి మాది అని ఊళ్ళో చెప్పుకునేవాడు. అమ్మ ఆ మాట అన్నప్పుడు ఆ అర్థం ఎందుకు తోచలేదు? అప్పుడు రోడ్డు మీద లేచిన దుమ్ము వల్ల కాదు. అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే అతని మనసు ఇంజను చప్పుడు మీద ఉంది. అమ్మ మాట అతనికి దొరికిన వంక. అడిగిన ఒక్క కారు చూపించాల్సిన ఎద్దుల్నే ఇచ్చి, అడగని కారు తెచ్చాడు.

“మళ్ళా ఒగ తూరి అడిగింటే ఏమమ్మా? ఎద్దుల్ని ఇచ్చేటప్పుడన్నా అనింటే.”

“నీకేదో తోచింటాదిలే అనుకొంటి. అది పలికిన దినం నువ్వు నవ్వేది లోపలికి వినపడేది. చిన్నప్పుడు నవ్వినట్లుండేది.”

రామప్ప లేచాడు. రేకు గొట్టం పీకేసి, జడ్డిగాన్ని బూడిదతో తోమాడు, కుంకుడు నురగతో తోమాడు. నాలుగు రాళ్ళు తీసి కారును నేల మీదికి దించాడు. తర్వాత తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. పత్తి బుట్ట ఇంతకన్నా బరువు ఉండేది. ఇంత తేలికైపోయిందని ఏడు నెలల్లో అతనికి తెలియలేదు.

సీటులో కూర్చోబెడితే కాళ్ళు సరిగ్గా పలక చివరిదాకా చాపుకున్నాయి. తిమ్మమ్మ సీటు నొక్కి చూసింది.

“మన పత్తేనా?”

“మన పత్తేనమ్మా.”

“మెత్తగుండాది. మంచిదే చేసినావు.”

ఆ మంచిమాట అతను భరించలేకపోయాడు. కిందికి వంగి హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు.

చేను దగ్గర మారెన్న గొర్రు మేడి పట్టుకున్నాడు. మోకుతో గొర్రును కారు వెనక కట్టారు. వాన కోసం ఆగకుండా పొడి నేలలోనే విత్తుదామంది తిమ్మమ్మ. విత్తనాల మూటలోంచి మొదటి పిడికెడు జొన్నలు ఆమె తీసి కళ్ళకద్దుకుని కోడలి చేతిలో పోసింది.

“వాసన పూర్తిగా పోలేదత్తా,” అంది హనుమమ్మ జడ్డిగం చూస్తూ.

“పోకుంటే మానె. గింజకు ముక్కుంటాదా?”

జర్మనీ కారు దగ్గింది, తుమ్మింది, మొదటి గేరులో కదిలింది. హనుమమ్మ పక్కన నడుస్తూ గింజలు వదిలింది. సాలు తిన్నగా రాలేదు, పాము పోయినట్టు వచ్చింది. ఒక్క సాలు చివరిదాకా పోయేసరికి రేడియేటరు పొగలు కక్కి కారు నిలబడిపోయింది. రామప్ప దిగి తల్లి పక్కకొచ్చాడు.

“ఎద్దుల్ని మళ్ళా తెస్తానమ్మా. ఎట్లన్నా తెస్తా.”

“తెద్దువులే. ముందు నువ్వు వచ్చి ఈడ కూచో.”

అతను ఆమె కాళ్ళ దగ్గర పలక మీద కూర్చున్నాడు. అప్పుడే కారు పైరేకు మీద టప్పున ఒక చుక్క, మరొకటి, ఆ వెనకే వాన. తిమ్మమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది. తడిసిన అరచేతిని కొడుకు తల మీద పెట్టింది.

ఇంతదాకా విన్నవాళ్ళు, కారు గొర్రు లాగడం నేను కల్పించానని అనుకుంటారు. కాదు, అది జరిగింది. మారెన్న చచ్చేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వాడు. నేను కల్పించింది వాన ఒక్కటే. ఆ రోజు ఆకాశంలో చేతి రుమాలంత మబ్బు కూడా లేదు. వాన పదకొండోనాడు పడింది. తిమ్మమ్మ తొమ్మిదోనాడు పోయింది. ఆ తొమ్మిది రోజులూ రామప్ప ఆమె మంచం దగ్గర నుంచి కదల్లేదు, పానా ముట్టలేదు. బీడు పడ్డ చేలో ఆ ఒక్క వంకర సాలు పచ్చగా మొలిచింది. రామప్ప దాని పక్కన గట్టు మీద కూర్చుని, అమ్మ పోయాక వాన రావడానికి రెండు రోజులు, రెండే రెండు రోజులు అనుకుంటూ ఏడ్చాడు.

అందుకే వానను కాస్త ముందుకు జరిపాను. రామప్ప చేతకాక చూపించలేకపోయిన కారు, చెప్పే నా నోటి చలవతోనైనా ఆమె చూసి పోనీ అని.