ఉడుము

"ఈ పేరు చెల్లదు," అంది.

నా ప్రాణం ఉసూరుమంది. ఇది ఏడో పేరు మరి!

పాత లాప్‌టాప్‌లలో ఉండే ఒక వైఫై చిప్‌ను నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను ఆరు నెలలు కిందామీదా పడి రాశాను. అందరూ ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌లో అది చేరాలంటే దాన్నీ, దాని పేరునూ ఆమె ఒప్పుకోవాలి. వైర్‌లెస్ విభాగానికి ఆవిడే మెయింటైనర్, అంటే కొత్తగా వచ్చినవాటిని సరిచూసి లోపలికి తీసుకునే మనిషి. ఆ చిప్ ఉన్న లాప్‌టాప్ నాకు తెలిసి వాళ్ళ నాన్నగారి దగ్గరే ఉంది. అందుకే ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నానని అందరికీ చెప్పాను.

చిప్ నంబరే పెడితే, "వచ్చే ఏడు ఇంకో నంబర్‌తో వస్తుంది, అప్పుడేం చేస్తారు?" అంది. కంపెనీ పేరు పెడితే, "కోర్టుకి మీరెళ్తారా?" అంది. ఒకసారి లోపలికెళ్ళిన పేరును ఇక మార్చరట. ఈ సాయంత్రం ఆరింటికి గడువు. దాటితే ఇంకో మూడు నెలలు ఆగాలి.

ఏడో పేరు 'చిట్టి'. ఇంట్లో ఆమెను పిలిచే పేరు.

"నా పేరెందుకు పెట్టారు?"

"చిన్న చిప్ కదండీ..."

"రేపు అది మొరాయిస్తే? 'చిట్టి పనిచేయట్లేదు', 'చిట్టి మాటిమాటికీ హ్యాంగవుతోంది' అని లోకమంతా నాకే కంప్లైంట్లు రాస్తుంది. బాగుంటుందా?"

నవ్వాపుకోలేకపోయాను. ఆమె కళ్ళురిమింది, కానీ తనకూ నవ్వొస్తోంది.

"అసలు సంగతి చెప్పండి."

"నువ్వంటే నాకిష్టం. డ్రైవర్ పూర్తయితే ఆదివారాలు పోతాయని భయంగా ఉంది."

'మీరు' ఎక్కడ జారిపోయిందో నాకే తెలీదు. ఆమె గబుక్కున కిటికీలోంచి వాన చూడసాగింది.

"ఇంకా అరగంటే ఉంది. ముందు పేరు సంగతి చూడు."

చూడండి అనలేదు. చూడు అంది!

ఇంతలో ఒక చేతిలో గొడుగు, చంకలో తువ్వాలు చుట్టిన లాప్‌టాప్‌తో నాన్నగారు మేడ దిగొచ్చారు. బస్సు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి.

"చిట్టీ! ఇదివరకు మూడో మెట్టెక్కితే వైఫై తెగిపోయేదా? ఇప్పుడు మేడ చివరిదాకా వెళ్ళినా వదల్లేదే. ఉడుంపట్టు!"

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"ఉడుము!"

ఆమె చకచకా వెతికింది. ఆ పేరు ఇంకెవరూ వాడలేదు, కంపెనీది కాదు, నంబర్ లేదు, ఇంగ్లీషులో అయిదే అక్షరాలు.

"చెల్లుతుంది," అంది. నేను ఎగిరి గంతేశాను.

మా పద్ధతి ప్రకారం డ్రైవర్ కింద రాసినవాళ్ళ పేరు, సరిచూసినవాళ్ళ పేరు వేస్తారు. పరీక్షించినవాళ్ళ పేరు దగ్గర ఆమె ఆగింది.

"నాది వెయ్యమ్మా. ఆరు నెలలుగా పరీక్షిస్తున్నది నేనేగా," అన్నారు నాన్నగారు.

"లాప్‌టాప్‌నా నాన్నా?"

"ఇద్దర్నీ! ఈ అబ్బాయిదీ ఉడుంపట్టే. నాకు నచ్చాడు. నీ మాటేంటి?"

"నాకెప్పుడో నచ్చాడు," అని చెప్పి బటన్ నొక్కింది.

ఆరింటికి మూడు నిమిషాలుండగా మా ఉడుము లోపలికెళ్ళింది. కింద మూడు పేర్లున్నాయి. నాది, చిట్టిది, మా మామగారిది.