చెప్పకుండా వెళ్ళిన అభ్యర్థి

భర్త సూర్యం పోయిన రోజున కూడా హైమావతి పేరు మీద ఏడు ఏడుపులు రాసి ఉన్నాయి. రాలేనని ఆమె కబురు పెడితే, ఆమె పనిచేసే విద్యాపీఠం వాళ్ళు వాటిని రద్దు చేసి, మర్యాదకు ఒక ఓదార్పు యంత్రాన్ని ఇంటికి పంపించారు. అది గడప దగ్గర చక్రాలు తుడుచుకుని లోపలికి వచ్చింది. తగినంత సేపు తల దించుకుని నిలబడింది. వెళ్ళబోతూ, "మీకు మళ్ళీ సేవ చేసే అవకాశం త్వరలోనే కలగాలని కోరుకుంటున్నాం" అంది. హైమావతి ఆడపడుచు చీపురు తీసుకుని దాన్ని వీధి చివరిదాకా తరిమింది. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదనీ, చెబితే మళ్ళీ అలాంటి పని మీదే రావాల్సి వస్తుందనీ దానికెవరూ నేర్పలేదు.

కర్మలు ముగిశాక హైమావతి పనిలోకి వచ్చింది. ఆమె నమూనా శోకి, అంటే ప్రవేశ పరీక్షలో మొగుడు పోయిన మనిషిగా ఏడ్చి చూపించడం ఆమె ఉద్యోగం. క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజీ ఎం.ఏ.లో చేరాలనుకునే వాళ్ళు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి ఆమెను ఓదార్చాలి. గోడలో అమర్చిన తూనిక యంత్రం ఇద్దరినీ గమనిస్తుంది. అభ్యర్థికి ఓదార్పు అంకె, ఆమెకు నమ్మిక అంకె వేస్తుంది. చివర ఇద్దరూ "ధన్యవాదాలు, మళ్ళీ కలుద్దాం" అంటే ముఖాముఖి ముగిసి, తరవాతి మనిషికి తలుపు తెరుచుకుంటుంది. ఇన్నేళ్ళుగా కల్పించిన మొగుడి చావుకు ఏడ్చిన ఏ ఏడుపుకూ ఆమె నమ్మిక అంకె తొంభైకి తగ్గలేదు.

ఆ రోజు మొదటి ముఖాముఖికే నలభై వచ్చింది. పర్యవేక్షకుడు జగదీశం తలుపు తోసుకుని లోపలికి తొంగి చూశాడు.

"ఏటండీ హైమావతి గారూ, ఏడుపు రాట్లేదా?"

"రాట్లేదండి."

"మొగుడు పోయిన మనిషిలాగా లేరంటంది తూనిక."

అన్నాక ఆ మాట ఆయనకే వినపడింది. చేతిలోని నీళ్ళ సీసా ఆమె బల్ల మీద పెట్టి, తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళాడు.

అభ్యర్థులు వచ్చారు, వెళ్ళారు. అందరూ శిక్షణ కేంద్రాల్లో తయారైనవాళ్ళే. అందరి తలలూ కుడివైపుకే వాలాయి, అందరికీ ఆమె బాధ ఒకే వాక్యంలో అర్థమైంది. ఒకమ్మాయి మరీ శ్రద్ధగా తల వాల్చేసరికి మెడ పట్టేసింది. హైమావతే లేచి నిమిరింది. తూనిక ఆ ఓదార్పు అంకెను హైమావతికి వేసి, తప్పు తెలుసుకుని కొట్టేసింది.

ఆఖరున మజ్జి లక్ష్మణ వచ్చాడు. తూనిక అతని దరఖాస్తు పైకి చదివింది. పాలకొండ దగ్గర బడిలో డ్రిల్లు మాస్టారు. ఆ బడిలోనూ ఓదార్పు యంత్రం ఉంది. పిల్లలు దానికి పుస్తకాల సంచులు తగిలించి, ఏడవడానికి మాత్రం ఈయన దగ్గరికి వస్తున్నారు. పట్టా లేకుండా పిల్లల ఏడుపు వినడం నేరమని పైనుంచి హెచ్చరిక వచ్చింది. పట్టా వస్తే వినొచ్చు, లేకపోతే ఇక వాళ్ళను పంపేయాలి. ప్రవేశానికి ఇది మూడో ప్రయత్నం. నాలుగోది ఉండదు.

లక్ష్మణ కూర్చున్నాడు. నేర్చుకొచ్చిన వాక్యాలన్నీ మరిచిపోయాడని ముఖమే చెబుతోంది. తల ఎటు వాల్చాలో తోచక నిటారుగానే ఉంచాడు. "తిన్నారా అమ్మా?" అన్నాడు.

పట్టికలో లేని ప్రశ్న అంది తూనిక.

హైమావతి కూడా పట్టికలో లేని జవాబే చెప్పింది. తన భర్త పాల ప్యాకెట్ మూల కత్తిరించి, ఆ ముక్కని ఎక్కడపడితే అక్కడ పారేసేవారనీ, కాపురమంతా దానికోసం తిట్టిందనీ, నిన్న స్టవ్ వెనకాల ఒకటి దొరికిందనీ, పారెయ్యాలో వద్దో తెలియడం లేదనీ చెప్పింది.

లక్ష్మణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఉంచండమ్మా. అదేమైనా అన్నం అడుగుతాదేటి?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా ఏడుపొచ్చింది. సూర్యం పోయాక అదే మొదటిది. ఏడుపు ఆలస్యమైందని తూనిక నమ్మిక అంకెలో కొంత తగ్గించింది. అతను గంట మోగేదాకా అలాగే కూర్చున్నాడు. మోగాక లేచి, ఆమె వైపు ఒకసారి చూసి, మాట్లాడకుండా బయటికి నడిచాడు.

"అభ్యర్థి వీడ్కోలు వాక్యం చెప్పలేదు. అనర్హుడు," అంది తూనిక. "శోకి వీడ్కోలు చెబితే ఫలితం నమోదు చేస్తాం."

హైమావతి నోరు విప్పలేదు.

బయట జగదీశం లక్ష్మణను నిలదీయడం వినిపించింది. చావింట్లోంచి వస్తూ ఎలాగ సెప్తామండీ అంటున్నాడతను. అది చావిల్లు కాదయ్యా, ఏడో నంబరు గది అంటున్నాడీయన. చివరికి జగదీశమే లోపలికి వచ్చాడు. ఇది ముగిసి ఈ రోజు లెక్క తేలితేగానీ రేపటి ముఖాముఖిలకు ఏ గది తలుపూ తెరుచుకోదనీ, ఒక్క మాట అనేస్తే అందరం ఇళ్ళకు పోవచ్చనీ బతిమాలాడు.

"మా ఇంట్లో ఆ మాట అనమండి," అంది హైమావతి.

తూనిక వీడ్కోలు వాక్యాన్ని మరోసారి అందించింది. జగదీశం గోడకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. ఎదుటి కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. తరవాత లేచి, ఆయన కూడా ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చిన అభ్యర్థులు మూసిన తలుపుల ముందు వరండాలో కూర్చుని, ఒకరి బాధ ఒకరు అర్థం చేసుకుంటున్నారు. లక్ష్మణ నెగ్గాడని గానీ తప్పాడని గానీ తూనిక రాయలేదు. ఆ ముఖాముఖి ఇంకా ముగియలేదు.