సగం ప్రాణం

చేతిలో పట్టుకుని ఆడే వీడియో ఆటలే ఆటలని నా గట్టి నమ్మకం. టీవీకి తగిలించి, సోఫాలో జారబడి ఆడేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ వాళ్లు ఆట చూస్తారు, మేం ఆడతాం. కత్తి దూసి రాక్షసుల మీదికి ఉరికే గేమ్ ఏదైనా సరే, అది అరచేతుల మధ్య వెచ్చగా ఉండాలి, దెబ్బ తగిలితే బొటనవేలి కింద వణకాలి. కథ పేరు చెప్పి అరగంట సేపు రాజులతో, మంత్రులతో మాట్లాడించే గేములంటే నాకు ఒళ్లు మంట. రాక్షసుణ్ణి చూపించు, కత్తి ఇవ్వు, అడ్డం తప్పుకో. అంతే. ఓడిపోయినవాళ్లు బటన్లు బాగాలేవని మెషీన్‌ను తిడతారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

నా రెండో అభిప్రాయం ఇంకా మొండిది. ఇద్దరు కలిసి ఆడితే ఇంటర్నెట్ లేకుండా ఆడాలి. రెండు మెషీన్లు ఒకదాన్నొకటి నేరుగా అందుకునే పద్ధతి ఒకటుంటుంది. దానికి ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి, మహా అయితే గోడకు అవతల ఉండాలి. మనం దెబ్బ తింటే పక్కనున్నవాళ్లు నవ్వాలి, వాళ్లు తింటే మనం తిట్టాలి. ఎక్కడో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషితో ఏం ఆడతాం? ఈ మాట అభిమానుల పేజీలో ఎన్నోసార్లు రాశాను. చాదస్తం అన్నారు. ఇప్పుడు రాయడం లేదు.

నేనిలా మాట్లాడటం నేర్చుకున్నది మా అక్క దగ్గర. మేమిద్దరం ఆడే గేముకు అసలు పేరు పలకడానికి నోరు తిరగదు, గుహల ఆట అనేవాళ్లం. అక్క క్యారెక్టర్ చేతిలో పెద్ద గొడ్డలి, పేరు గొడ్డలమ్మ. నా క్యారెక్టర్‌కు పిరికి అని పేరు పెట్టింది కూడా అక్కే. ఆ ఆటలో ఇద్దరికే చోటు. ఒకరు పడిపోతే వాళ్ల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది, చిన్నదవుతూ పోతుంది. అది మూసుకుపోయేలోగా రెండోవాళ్లు తమకు మిగిలిన ప్రాణంలో సగం ఇవ్వాలి. ఇవ్వకపోతే పడినవాళ్లు పోయినట్టే. మందు సీసాలైతే ఎవరైనా ఏరుకుంటారు, ఇది మాత్రం మనిషి ఇవ్వాల్సిందే. ఇన్ని గేములు ఆడానా, ఇంత మంచి నియమం ఇంకోదాన్లో చూడలేదు.

ఎప్పుడూ పడేది నేనే. అక్క ఒక్కసారి కూడా పడలేదు. "ఇదిగో నా సగం, మళ్లీ అడిగావంటే తంతాను" అనేది. మళ్లీ అడిగేదాన్ని, మళ్లీ ఇచ్చేది.

అక్క ఆస్పత్రి వంటగదిలో పనిచేసేది. ఒక మధ్యాహ్నం గరిటె చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది. సాగనంపేటప్పుడు మా బావ అక్క వెండిరంగు మెషీన్‌ను అక్క చేతుల్లోనే పెట్టాడు, అది అక్కతోపాటే వెళ్లిపోయింది. నాకు ఏడుపు రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక బుగ్గ ఉంటుంది చూడండి, మనిషిని మొత్తం అలా ఉన్నాను. మర్నాడే నేను పనిచేసే కళ్లజోళ్ల షాపుకు పోయి, వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీశాను. బాగానే అరగదీశాను.

బావ దూరప్రాంతాలకు లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండేకంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. అందుకని అక్క కూతురు నా దగ్గరికి వచ్చింది. ఇంట్లో అందరం దాన్ని ఉడత అంటాం. ఎనిమిదేళ్లుంటాయి, అమ్మ గురించి ఒక్క మాట అడగలేదు. ఆ పిల్లకు ఇక నేనే. నాకేమైనా అయితే దానికి తల దువ్వేవాళ్లు కూడా ఉండరు. ఏ బాధా తెలియని ఆ రోజుల్లో నాకు స్పష్టంగా తెలిసిన సంగతి అదొక్కటే.

ఆదివారం సాయంత్రం వాన పట్టుకుంది, కరెంటు పోయింది. ఉడతకు ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని లోపలి గదిలో పడుకోబెట్టాను. ముందు గదిలో తీగ మీద తడిబట్టలు వేలాడుతున్నాయి. ఆరని బట్టల వాసన. మెట్ల దగ్గర ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. కాస్త వెలుతురుంటుందని సోఫాలో కూర్చుని నా మెషీన్ తీశాను. అక్క పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

గుహల ఆట తెరుచుకుంది. నేను ఒంటరిగానే ఆడదామనుకున్నాను. వేలు మాత్రం పాత అలవాటు ప్రకారం 'దగ్గరలో ఉన్నవాళ్లు' అన్నదాని మీదికి పోయింది.

ఒక పేరు కనిపించింది.

గొడ్డలమ్మ.

ఆటగాళ్లందరికీ ఒక తెగులుంటుంది. జోడీ పిలిస్తే ఆలోచించం, ముందు నొక్కేస్తాం. నొక్కేశాను. గుహ ముందు గొడ్డలమ్మ నిలబడి ఉంది, అక్క కట్టిన నీలం తలపాగాతో. ఇక భయం వేయాలి కదా అని ఎదురుచూశాను. రాలేదు. సిగ్నల్ ఎంతుందో చూశాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. గోడకు అవతల ఉంటే ఒక గీతైనా తగ్గుతుంది.

"అక్కా?" అన్నాను మెల్లగా.

గొడ్డలమ్మ లోపలికి నడిచింది. నేనూ వెనకాలే నడిచాను.

బాగా ఆడాం. నిజం చెప్పాలంటే అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. రాక్షసి తోక విసిరే ముందు ఎడమకు దొర్లడం, గొడ్డలి ఎత్తి ఒక్క క్షణం ఆగి దించడం, అన్నీ అక్క లెక్కలే. ఆ ఆగడం ఇంకొకరికి రాదు. ఆడుతుండగానే గదిలో వాసన మారింది. తడిబట్టల వాసన పోయి, పెద్ద గిన్నెలు తోమే సబ్బు వాసన, ఉడికిన కూరల ఆవిరి వాసన... అక్క పని నుంచి వచ్చి నా పక్కన కూలబడినప్పుడు వచ్చే వాసన.

అప్పుడు గొడ్డలమ్మ పడిపోయింది.

అక్క పడటం నేనెప్పుడూ చూడలేదు. ఎర్రటి వలయం వచ్చింది. సగం ఇస్తావా అని తెర అడిగింది. ఇచ్చాను. ఎందుకివ్వను? ఎన్నిసార్లు తీసుకున్నాను.

గొడ్డలమ్మ లేచింది. నా ఎడమచేతి మూడు వేళ్లు చల్లబడ్డాయి. మంచు పట్టుకున్నట్టు నొప్పి లేదు, అసలు వేళ్లే లేనట్టుంది.

రాక్షసి మళ్లీ వచ్చింది. ఈసారి గొడ్డలమ్మ దొర్లలేదు. గొడ్డలి కింద పెట్టింది. రాక్షసికి వీపు చూపించి, నా వైపు తిరిగి నిలబడింది. నా క్యారెక్టర్ వైపు కాదు... నా వైపు.

తోక తగిలింది. పడిపోయింది.

కావాలనే పడింది.

వలయం. సగం ఇస్తావా?

బటన్ మీద వేలుంది. వేలి కింద బటన్ ఉన్నట్టు తెలియడం లేదు. లోపలి గదిలో ఉడత దగ్గింది. ఆ దగ్గుతో నాకు మెలకువ వచ్చినట్టయింది. ఇంకోసారి ఇస్తే ఏం పోతుంది? చెయ్యి పోతుందా? ఆ తర్వాత ఇంకోసారి అడిగితే? పిల్లకు ఎవరున్నారు?

"ఇవ్వను అక్కా," అన్నాను. "నీ కూతురికి నేను కావాలి."

వలయం చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. నా పక్కన సోఫా కుంగి ఉంది, ఎవరో కూర్చున్నంత మేర. నేను చూస్తుండగానే అది మెల్లగా పైకి లేచింది. సబ్బు వాసన నన్ను దాటుకుని లోపలి గది వైపు పోయింది.

తెర మీద మూడో పేరు వచ్చింది.

ఇద్దరికే చోటున్న ఆటలో మూడో పేరు.

ఉడత.

'సగం ఇచ్చారు' అని కనిపించింది. గొడ్డలమ్మ లేచి నిలబడింది. తెర ఆరిపోయింది.

నేను లోపలికి ఎలా పరుగెత్తానో తెలియదు. ఉడత మంచం మీద చీకట్లో లేచి కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో, ఏదో పట్టుకున్నట్టు పెట్టుకుంది. వాటిలో ఏమీ లేదు. బొటనవేళ్లు మాత్రం కదులుతున్నాయి.

"అమ్మ లేచింది పిన్నీ," అంది.

దాని ఎడమచెయ్యి పట్టుకున్నాను. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. చెయ్యి మాత్రం మోచేతి దాకా చల్లగా ఉంది.

డాక్టర్లు అన్ని పరీక్షలూ చేశారు. నరాలు బాగున్నాయన్నారు, రక్తం బాగుందన్నారు. ఒకాయన సూదితో గుచ్చి చూశాడు. ఉడత ఏడవలేదు, ఇంకెవరి చెయ్యో అన్నట్టు వంగి చూసింది. బావకు జరిగిందంతా చెప్పాను. ఆయన స్టీరింగ్ వదలకుండానే, నువ్వు సరిగ్గా నిద్రపోవడం లేదు, మందులు వాడు అన్నాడు. మెషీన్‌ను విప్పి, ముక్కలు చేసి, రెండు వీధుల చెత్తడబ్బాల్లో వేశాను. నా మూడు వేళ్లకు ఇంకా స్పర్శ రాలేదు. మొన్న అద్దం అంచు కోసుకుంటే రక్తం బల్ల మీద పడ్డాకే తెలిసింది. పనికి అడ్డమే కానీ నడిపిస్తున్నాను. ఉడత కళ్లెదుట ఉంది, తింటోంది, బడికి పోతోంది. అది చాలనుకుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. ఉడత బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. కాగితం జారిపోకుండా చల్లని చేతిని దాని మీద బరువుగా పెట్టి, కుడిచేత్తో రాస్తోంది. నేను బట్టలు మడతపెడుతున్నాను, మనసు ఎక్కడో ఉంది.

"పిన్నీ, సగంలో సగం ఎంత?"

"పావు," అన్నాను, తలెత్తకుండానే.

పెన్సిల్ చప్పుడు రాలేదు. తలెత్తి చూశాను. ఉడత కాగితం వంక చూడటం లేదు. వంటింటి గుమ్మం వైపు తిరిగి, అక్కడ ఎవరో అడిగిన దానికి బదులు చెబుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"పావేనంట."