వాచీ అంచున మట్టి

శవం కట్ట మీద వెల్లకిలా ఉంది.

1967 ఫిబ్రవరి 14, మంగళవారం. ఉదయం 11.10. బోధన్‌కు తొమ్మిది మైళ్ళ దూరంలో గుండ్లవాగు జలాశయం.

ఇన్‌స్పెక్టర్ రామ్‌దాస్ జీపు దిగి శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

చనిపోయింది వెంకటసుబ్బారావు. నలభై ఒక్కేళ్ళు. నేవీలో డైవర్‌గా చేసి రిటైరయ్యాక బోధన్ దగ్గర, కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపులో అన్నదమ్ముల పొలం పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. తూము షట్టర్‌కు నీళ్ళ అడుగున మొద్దు అడ్డం పడితే, దాన్ని తీయడానికి అతన్ని పిలిపించారు.

ఒంటి మీద నల్ల రబ్బరు సూటు. వీపున గాలి సిలిండర్. ఒళ్ళంతా ఒండ్రు మట్టి. ఎడమ మణికట్టు దగ్గర మాత్రం రబ్బరు మీద పట్టీ వెడల్పున ఒక నొక్కు.

"ఇక్కడేముండేది?"

"వాచీ సార్. నీళ్ళల్ల పెట్టుకునేది," అన్నాడు ఓవర్సీర్ బాపురావు. "దిగేటప్పుడు చేతికి ఉన్నది. శవాన్ని బయటికి గుంజింది లింబాద్రి. ఆయన్నే అడగాలె."

బాపురావు షట్టర్ రిజిస్టర్ తెరిచి చూపించాడు. గుండ్రని చేతిరాత. 9.50కి షట్టర్ ఎత్తి పరీక్ష. 9.58కి దింపడం. 10.05కి డైవర్ దిగడం. 10.30కి శవం బయటికి.

"తాడు లింబాద్రి చేతిలో పెట్టినం సార్. అడుగు నుంచి తాడు గుంజితే పైకి లాగాలె. గదొక్కటే ఆయన పని. నడుమ కల్లు తాగ పోయిండు. మనిషికి గాలి పైపు ఊడింది. లాగేటోడు లేడు."

షట్టర్ చక్రం తిప్పే కూలీ తుకారాం తల వంచుకుని "అవ్ సార్" అన్నాడు.

రామ్‌దాస్ లింబాద్రి వైపు తిరిగాడు. ముప్ఫై ఏళ్ళ బెస్త మనిషి. తడి గోచీతో, చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు. పక్కన అతని తల్లి వెంకటవ్వ.

"ఎక్కడికి పోయినవ్?"

"ఎటు పోలే సార్. తాడు ఇడువలే. ఆయన లోపలుండంగనే షట్టర్ లేపిండ్రు. నీళ్ళు గుంజుకపోయినయ్. ఆయన గుడ గుంజుకపోయిండు."

"షట్టర్ లేపింది 9.50కి. ఆయన దిగింది 10.05కి. రిజిస్టర్ల ఉన్నది."

"బడి గంట గొట్టినంక జరసేపటికే దిగిండు సార్."

"గడియారం చూడస్తదా నీకు?"

"రాదు సార్."

"టైం చూడరానోడివి నాకు టైం చెప్తవా?"

చెంప మీద ఒకటి కొట్టాడు. గట్టిగానే తగిలింది. లింబాద్రి ఒక అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాడు. ఆ తర్వాత ఏమడిగినా మాట్లాడలేదు.

వెంకటవ్వ కొడుకు ముఖం చూడలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖమే చూస్తూ ఉండిపోయింది.

*

బుధవారం ఉదయం 8.20. లింబాద్రి గుడిసెలో వడ్ల కుండ అడుగున, పాత గుడ్డలో చుట్టిన వాచీ దొరికింది.

రామ్‌దాస్ పంచనామా తనే రాశాడు. 'స్టీలు వాచీ ఒకటి. నల్ల డయల్. నడుస్తున్నది. నా గడియారంతో పోల్చగా టైం సరిగా ఉన్నది. మట్టి పట్టి ఉన్నది.' అలాగే కవర్లో వేసి సీలు వేశాడు.

"ఎందుకు దాచినవ్?"

"ఆయన భార్యకు ఇద్దామని. కట్ట మీద శానమంది జమైండ్రు. ఎవలన్న తీస్తరని తీసిన."

"నిన్ననే చెప్పచ్చు కదా."

లింబాద్రి చెంప తడుముకున్నాడు.

అరెస్టు కాగితం మీద వేలిముద్ర కావాలి. కానిస్టేబుల్ చెయ్యి పట్టి సిరాలో అద్దగానే లింబాద్రి పళ్ళు కొరుక్కుని చెయ్యి లాక్కున్నాడు. "నాటకాలు ఆడకు," అన్నాడు రామ్‌దాస్. బేడీలు వేయించి, చెరుకు బండ్ల మధ్యనుంచి బస్సు దాకా నడిపించాడు. ఊరంతా అరుగుల మీదికి వచ్చి చూసింది.

దొంగతనం కేసులో సొత్తు విలువ రాయాలి. అలాంటి వాచీ రామ్‌దాస్ ఎప్పుడూ చూడలేదు. జీపు నిజామాబాద్ వైపు తిప్పాడు.

*

మధ్యాహ్నం 12.30. గంజ్ దగ్గర బాలనర్సయ్య వాచీ రిపేరు దుకాణం. అరవై ఏళ్ళ మనిషి. రామ్‌దాస్ కవరు విప్పి వాచీ బల్ల మీద పెట్టి, జేబురుమాలు తీశాడు.

"తుడవకున్రి సార్."

బాలనర్సయ్య భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు వాచీని చేత్తో తాకలేదు. పట్టకారుతో అటూ ఇటూ తిప్పాడు.

"విలువ ఎంత ఉంటది?"

"ధర తర్వాత చెప్త. ముందుగాల దీన్ని చూడనియ్యుండ్రి. ఇట్లాంటిది నా చేతికి రాక పన్నెండేండ్లయింది."

ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాడు. కీ తిప్పే బుడిపె ఊరికే నొక్కేది కాదు, సీసా మూతలా మర బిగించేది. నీళ్ళు లోపలికి పోవు. అద్దం మామూలు వాచీ అద్దానికి మూడింతల మందం. ముళ్ళు లావు. అంకెలు లేవు, చుక్కలే. చీకట్లో వెలిగే రంగు పూశారు. బురద నీళ్ళలో కూడా చటుక్కున చూసి తెలుసుకోవచ్చు. పట్టీ పొడుగు, సూటు చెయ్యి మీదుగా కట్టుకోవడానికి.

"ఒక్కటి గుడ అందం కోసం పెట్టలే సార్. ప్రతిదానికి ఓ కారణం ఉన్నది. వంక పెడదామంటే ఒక్కటే, బరువు ఎక్కువ. ఒడ్డు మీది మనిషికి చెయ్యి గుంజుతది."

"అంచున ఈ చక్రం ఎందుకు? మీద త్రికోణం ఉన్నది."

"గదే దీని పానం. నీళ్ళల్లకు దిగేటప్పుడు మినిట్ ముల్లు ఎక్కడుంటే త్రికోణం అక్కడికి తిప్పాలె. తర్వాత చక్రం మీది గీతలు చూస్తే దిగి ఎన్ని నిమిషాలయిందో తెలుస్తది. సిలిండర్ల గాలి ఇంకెంతసేపు వస్తదో లెక్క దొరుకుతది. మన వాచీ తప్పితే బస్సు పోతది. ఇది తప్పితే మనిషి పోతడు."

రామ్‌దాస్ వంగి చూశాడు. త్రికోణం ఏడో చుక్క దగ్గర ఉంది. ముప్ఫై అయిదో నిమిషం.

రిజిస్టర్ ప్రకారం డైవర్ దిగింది 10.05కి. అలా అయితే త్రికోణం మొదటి చుక్క దగ్గర ఉండాలి.

"ఇది ఎక్కడన్నా తగిలి దానంతటది తిరగచ్చు కదా?"

"తిరగదు. కిందికి ఒత్తిపట్టి తిప్పాలె. అందుకే గట్ల చేసిండ్రు."

"ఎవరన్నా కావాలని తిప్పితే?"

బాలనర్సయ్య భూతద్దం తీసి ఇన్‌స్పెక్టర్ చేతికి ఇచ్చాడు.

"చక్రానికి, డబ్బాకు నడుమ సందు చూడుండ్రి. నీళ్ళల్ల చేరిన ఒండ్రు ఎండి గట్టిపడ్డది. సుట్టూత ఒక్క పగులు గుడ లేదు. చక్రం ఎంట్రుకంత జరిగినా ఆ మట్టి పగులుతది. తడిగున్నప్పుడు తిప్పినా గీసుకపోయి కనపడుతది. నీళ్ళల్లకెళ్ళి బయటికి వచ్చినంక దీన్ని ఎవరూ తిప్పలే. అందుకే తుడవకున్రి అన్న."

చేతిలోని జేబురుమాలు వైపు చూసుకున్నాడు రామ్‌దాస్. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

1.15కి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించాడు. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయించాడు.

*

2.40. క్యాంపులో వెంకటసుబ్బారావు ఇల్లు. పొద్దున్నే దహనం అయిపోయింది. అతని భార్య రాధాకుమారి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

"ఒక్కటే అడుగుతానమ్మా. వాచీ అంచున చక్రం ఉంటుంది కదా. దాన్ని మీ ఆయన ఎప్పుడు తిప్పేవారు?"

"నీళ్ళలో కాలు పెట్టే ముందండి. అది తిప్పకుండా దిగరు. పైకొచ్చి రెండోసారి దిగితే మళ్ళీ తిప్పుతారు. ఇంట్లో నేను అన్నం పొయ్యి మీద పెట్టినా తిప్పేవారు. ఎందుకండీ అంటే, చెయ్యి మర్చిపోకూడదు అనేవారు."

ఈసారి ఆమే అడిగింది.

"తాడు పట్టుకున్న అబ్బాయిని కొట్టారటగా?"

రామ్‌దాస్ తల ఊపాడు.

"మొన్న కట్ట చూడ్డానికి వెళ్ళొచ్చి చెప్పారు. మంచి పట్టున్న మనిషి దొరికాడు, భయం లేదు అని."

3.50. గుండ్లవాగు బడి. పంతులు ఒక్క ముక్కలో చెప్పాడు. "మొదటి గంట తొమ్మిదిన్నరకు సార్. కట్ట మీదికి బాగా వినపడుతుంది."

కట్ట నుంచి బడికి నడిచి వస్తే అయిదు నిమిషాలు. నిన్న ఆ అయిదు నిమిషాలు నడవాలని అతనికి తోచలేదు.

*

సాయంత్రం 5.00. కట్ట పక్కన గెస్ట్ హౌస్ వరండా. బాపురావు, తుకారాం, బాలనర్సయ్య వచ్చారు. బావగారి వెంట రాధాకుమారి వచ్చింది. లింబాద్రిని జీపులో తీసుకొచ్చి, బేడీలు విప్పారు. వెంకటవ్వ మెట్ల కింద నిలబడింది.

"బాపురావు గారూ, షట్టర్ 9.50కి ఎత్తారు. అవునా?"

"రిజిస్టర్ల ఉన్నది సార్."

"అది నిజమే. కాలువ కింది చౌకీలో నీళ్ళు వచ్చిన టైం రాసుకుంటారు. అది మార్చడం మీ చేతిలో లేదు. డైవర్ దిగిన టైం మాత్రం ఎవరూ రాసుకోలేదు అనుకున్నారు."

బాపురావు కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఒకరు రాశారు. చనిపోయిన మనిషి."

రామ్‌దాస్ కవరు తెరిచి వాచీ బల్ల మీద పెట్టాడు. త్రికోణం చూపించాడు. ఎండిన మట్టి చూపించాడు. పంచనామా చదివాడు. వాచీ టైం సరిగా ఉందని తన చేత్తోనే రాశాడు.

"దిగింది ఏదో గంట ముప్ఫై అయిదుకి. ఆయన బస్సు దిగిందే తొమ్మిదికి, కాబట్టి 8.35 కాదు. పదీ నలభైకి ఊరి పటేల్ వచ్చి ఒడ్డున శవం చూశాడు, కాబట్టి 10.35 కాదు. 9.35 ఒక్కటే మిగిలింది. బడి గంట కొట్టిన అయిదు నిమిషాలకు. పావుగంట తర్వాత మీరు షట్టర్ ఎత్తారు. మనిషి నీళ్ళ అడుగున, దాని ముందరే ఉన్నాడు."

తుకారాం కింద కూలబడ్డాడు. "నేను వద్దన్న సార్. మనిషి ఇంక పైకి రాలే అన్న. తిప్పు అన్నరు, తిప్పిన."

"ఒక్క అంగుళం లేపుదామనుకున్న," అన్నాడు బాపురావు. "పది గంటలకు పైఆఫీసర్ జీపుల వస్తనన్నడు. కింది రైతులు రెండు రోజులసంది కాలువ మీదనే కూసున్నరు. జరంత లేపితే మొద్దు వదులైతది, ఆయనకు గుడ పని అల్కగైతది అనుకున్న. నీళ్ళు ఒక్కపాలి గుంజినయ్. తాడు బిర్రుగైంది. దించమన్న. దించేసరికి..."

రాధాకుమారి వైపు చూడబోయాడు. చూడలేకపోయాడు.

"అప్పుడే చెప్తే పొరపాటు అయ్యేది," అన్నాడు రామ్‌దాస్. "మీరు రిజిస్టర్ మార్చారు. ఇంకో మనిషి మీద నెట్టారు. వాచీ కోసం ఇతన్నే అడగమని మీరే చెప్పారు. చెప్పకపోతే ఆ వాచీ నాకు దొరికేది కాదు."

బాపురావు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ వచ్చి భుజం తాకాడు.

కేసు అక్కడితో తేలిపోయింది. రామ్‌దాస్ మాత్రం కూర్చోలేదు.

"లింబాద్రీ. చేతులు చూపించు."

లింబాద్రి కదల్లేదు. మళ్ళీ కొడతారేమోనని ఒక భుజం కొంచెం ముందుకు పెట్టుకున్నాడు. దాన్ని వరండాలో ఉన్నవాళ్ళంతా చూశారు. రామ్‌దాస్ కూడా చూశాడు.

"కొట్టను. చూపించు."

మెల్లగా అరచేతులు తెరిచాడు. వేళ్ళ మొదళ్ళ నుంచి మణికట్టు దాకా తోలు లేచిపోయింది. ఎర్రటి మాంసం మీద పొద్దుటి నీలం సిరా.

"తాడు ఎంతసేపు పట్టుకున్నావు?"

"షట్టర్ దించిందాక సార్. ఇడిస్తె ఆయన తూము లోపలికి పోతడనుకున్న. నీళ్ళు ఆగేదాక గుంజనీకె నాతోని కాలే."

రాధాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేచి వచ్చి లింబాద్రి ముందు నిలబడి చేతులు జోడించింది. అతను కంగారుగా వెనక్కి జరిగాడు. "గట్ల చెయ్యద్దమ్మా. నేను తేలేకపోయిన."

రామ్‌దాస్ అందరి వైపు తిరిగాడు.

"నిన్నటి నుంచీ ఈ చేతులు నా కళ్ళ ముందే ఉన్నాయి. కల్లు తాగ పోయినోడికి చేతులు ఇట్లా కావు. సిరాలో అద్దినప్పుడు నాటకం అన్నాను. అందరికంటే ముందు నిజం చెప్పింది ఇతను. గడియారం చూడరాదని ఇతని మాట నేను వినలేదు. వాచీ చెప్తేనే నమ్మాను." లింబాద్రి వైపు తిరిగాడు. "తప్పు నాది. మాఫ్ చెయ్యి."

లింబాద్రి నేల చూశాడు. "పోనియ్యి సార్."

"ఏం పోనియ్యి?"

ఆ మాట మెట్ల కింది నుంచి వచ్చింది. వెంకటవ్వ కొంగు నడుముకు దోపుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది.

"వాడంటడు పోనియ్యి అని. వానికి భయం. కట్ట మీద అందరి ముంగట కొడితివి. బేడీలేసి బజార్ల నడిపిస్తివి. మాఫీ ఈడ నలుగురి ముంగట అడిగితివి. మంచిదే. ఓవర్సీర్ తప్పు బుక్కుల రాసుకుంటివి గద సారూ. నీది ఏడ రాస్తరు?"

వరండాలో కానిస్టేబుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న రామ్‌దాస్‌ను ఎవరూ అడగలేదు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్ల కాగితం తీసి పెన్ను విప్పాడు.

"ఫిర్యాదు రాస్తున్నాను. నా మీద. పైకి డీఎస్పీ గారికి పోతుంది. చెప్పవ్వా."

"నా కొడుకు నిజం చెప్పినందుకు కొట్టిండని రాయి."

రాశాడు.

"తల్లి సూస్తుంటె కొట్టిండని రాయి."

పెన్ను ఆగింది. మళ్ళీ కదిలింది.

"వాడు ఏడువలేదని గుడ రాయి."

అదీ రాశాడు. కింద తేదీ, టైం వేశాడు. 5.50. తర్వాత లేచి నిలబడి, అందరికీ వినపడేలా మొదటి నుంచి చదివాడు.

చదవడం అయిపోయింది. వెంకటవ్వ కొడుకు వైపు చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఇంకోపాలి సదువు," అంది.

రామ్‌దాస్ కాగితం మళ్ళీ పైకెత్తాడు.